మాస్టర్స్ ప్రాక్టీస్ రౌండ్ టికెట్ తగిలితే వదలొద్దు, గోల్ఫ్ రాకపోయినా సరే

విజయనగరం, బొబ్బిలి, చీపురుపల్లి వైపు నుంచి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలు ఈ మధ్య బాగా పెరిగారు. కూతురి పురుడుకో, మనవడిని ఎత్తుకోవడానికో వెళ్తాం, నయాగరా చూపిస్తారు, గుడికి తీసుకెళ్తారు, ఇక మిగతా రోజులన్నీ వంటా, పసివాడూ, కిటికీలోంచి మనిషి కనపడని రోడ్డు. అలాంటివాళ్లలో ఎవరైనా ఏప్రిల్ నెలలో అట్లాంటా చుట్టుపక్కల ఉండబోతుంటే వాళ్ల కోసమే ఈ రివ్యూ. అక్కడికి కారులో రెండున్నర గంటల దూరంలో అగస్టా అనే ఊరుంది, ఆ ఊళ్లో అగస్టా నేషనల్ గోల్ఫ్ క్లబ్ ఉంది, ఏటా మాస్టర్స్ పోటీ అక్కడే జరుగుతుంది. పోటీ గురువారం మొదలవుతుంది. దాని ముందు సోమ, మంగళ, బుధవారాలు ఆటగాళ్లు ప్రాక్టీస్ చేస్తారు, దానికీ టికెట్ పెట్టి జనాన్ని రానిస్తారు. నేను చెప్పేది ఆ ప్రాక్టీస్ రోజు గురించే.

ప్రాక్టీస్ చూడ్డానికి డబ్బులెందుకు తగలేయాలి అని మా ఆయన అన్నారు. నేనూ లోపల అదే అనుకున్నాను. చూసొచ్చాక మాత్రం మా ఇద్దరి మాటా ఒకటే: ఆట తెలియనివాళ్లకి అసలు పోటీ కంటే ప్రాక్టీస్ రోజే మేలు.

ముందు టికెట్ సంగతి. ఇది కౌంటర్‌లో కొనేది కాదు. మాస్టర్స్ వాళ్ల సొంత వెబ్‌సైట్‌లో ముందు ఏడాది జూన్ నెలలో అప్లికేషన్ పెట్టాలి, వాళ్లు లాటరీ తీస్తారు, తగిలితేనే డబ్బు కట్టాలి. ప్రాక్టీస్ రోజుకి ఒకరు నాలుగు టికెట్ల దాకా అడగొచ్చు. 2025లో ప్రాక్టీస్ రోజు టికెట్ 100 డాలర్లు, అసలు పోటీ రోజుది 140. మన లెక్కలో మనిషికి ఎనిమిదిన్నర వేల రూపాయల పైమాటే, తక్కువేం కాదు. కానీ బయట చేతులు మారే టికెట్ల రేట్లు వింటే కళ్లు తిరుగుతాయి, పైగా అలా కొని అమ్మడం క్లబ్ నిబంధనలకి విరుద్ధం, తెలిసిందంటే టికెట్ చెల్లదు. వాట్సాప్ గ్రూపుల్లో "అంకుల్, నా దగ్గర రెండు ఎక్స్‌ట్రా ఉన్నాయి" అని వచ్చే మెసేజ్‌లకి దూరంగా ఉండండి. మా అల్లుడు ఏళ్ల తరబడి అప్లికేషన్లు వేస్తూనే ఉన్నాడు, మేం అక్కడ ఉన్న ఏడాదే తగిలింది, నాలుగూ తగిలాయి. మా అమ్మాయి పచ్చి బాలింత కాబట్టి ఇంట్లో ఉండిపోయింది, తనకి తోడుగా ఫ్రెండ్ ఒకమ్మాయి వచ్చింది. అల్లుడు, మా ఆయన, నేను, బొబ్బిలి నుంచి వచ్చిన మా వియ్యపురాలు వదినగారు, మొత్తం నలుగురం బయల్దేరాం.

మాది 2025 ఏప్రిల్ 8, మంగళవారం. ఇక్కడ అదృష్టం కలిసొచ్చింది. ముందు రోజు సోమవారం ఉరుములతో వానొచ్చి మధ్యాహ్నం కాకముందే ప్రాక్టీస్ ఆపేశారు, మళ్లీ తెరవలేదు, ఆ రోజు టికెట్లవాళ్లకి డబ్బు వాపసు ఇస్తామని ప్రకటించారు. అంత దూరం నుంచి వచ్చి గేటు దాకా వెళ్లి తిరిగెళ్లినవాళ్ల సంగతి తలుచుకుంటే పాపం అనిపించింది. రాత్రి అక్కడే ఉందామని ముందు ఒక హోటల్లో అడిగాం గానీ ఆ వారం వాళ్లు చెప్పిన రేటుకి మన ఊళ్లో చిన్న ఫంక్షన్ హాలు వస్తుంది. అందుకే తెల్లవారకముందే కారెక్కి, చీకటి పడ్డాక ఇల్లు చేరాం. క్లబ్ వాళ్ల పార్కింగ్ ఉచితం, అది మాత్రం గుర్తుపెట్టుకోండి.

గేటు దగ్గరే అసలు షాక్. ఫోన్ లోపలికి రానివ్వరు. పర్సులో అడుగున పెట్టుకుంటా, సైలెంట్‌లో పెడతా, ఇవేవీ నడవవు. కారులో వదిలేసి రావాల్సిందే. వదినగారికి టెన్షన్ మొదలైంది, "పిల్లోడు ఏడిస్తే ఎలా బాబూ" అని. లోపల అక్కడక్కడా ఉచితంగా మాట్లాడుకోవడానికి ఫోన్లు పెట్టారు, మన పాత ఎస్టీడీ బూత్‌లలో ఉండేలాంటివి, పైసా కట్టక్కర్లేదు. కాకపోతే కూతురి నంబర్ ఎవరికి నోటికొచ్చు? అల్లుడికి వచ్చు కాబట్టి సరిపోయింది. మీరు మాత్రం చిన్న కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఇంకో మాట, విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. మేం క్లబ్‌హౌస్ వెనక పెద్ద ఓక్ చెట్టు కింద అనుకున్నాం, దాదాపు నూట డెబ్భై ఏళ్ల చెట్టట, తప్పిపోయేంత చిన్నది కాదు.

ప్రాక్టీస్ రోజుల్లో కెమెరా మాత్రం తీసుకెళ్లొచ్చు, ఫోటోలు తీసుకోవచ్చు, వీడియో కుదరదు. గురువారం నుంచి అదీ ఉండదు. మా ఆయన విజయనగరం గంటస్తంభం దగ్గర ఎప్పుడో కొన్న కెమెరా నేను వద్దంటున్నా సూట్‌కేస్‌లో పెట్టారు, ఆ రోజు దానికి పట్టిన యోగం అంతా ఇంతా కాదు.

లోపలికెళ్లగానే ముందు కొట్టొచ్చినట్టు కనిపించేది ఏమిటంటే బోర్డులు లేకపోవడం. ఐపీఎల్ చూసి చూసి కళ్లు అలవాటైపోయాయి కదా, ఇక్కడ సిమెంట్ కంపెనీ, బిస్కెట్ కంపెనీ, ఫోన్ కంపెనీ, ఒక్క ప్రకటన లేదు. డ్రింక్ గ్లాసు మీద కూడా కంపెనీ పేరుండదు, పోటీ గుర్తు మాత్రమే. గడ్డి, పైన్ చెట్లు, పూలు, జనం, అంతే. ఆ నేల ఒకప్పుడు నీలిమందు తోటట, తర్వాత 1857 నుంచి బెర్క్‌మన్స్ అనే కుటుంబం అక్కడ మొక్కల నర్సరీ నడిపింది. బాబీ జోన్స్ అనే ఆటగాడు, క్లిఫర్డ్ రాబర్ట్స్ అనే ఆయన కలిసి దాన్ని గోల్ఫ్ కోర్సుగా మార్చారు, 1934లో మొదటి పోటీ పెట్టారు. కోర్సులో పద్దెనిమిది హోల్స్ ఉంటాయి, ఒక్కో హోల్ అంటే మొదటి దెబ్బ కొట్టే చోటు నుంచి చివర బంతి పడాల్సిన కన్నం దాకా ఉన్న ఆట దారి. నర్సరీ జ్ఞాపకంగా అన్నిటికీ మొక్కల పేర్లే. పదోది కెమీలియా, పదమూడోది అజేలియా. వదినగారికి గోల్ఫ్ అక్కర్లేదు, ఈ మొక్కలు చాలు. పదమూడో హోల్ దగ్గర అజేలియా పొదలు చూసి కదలనంది. కానీ చాలాచోట్ల చెట్ల మధ్య ఖాళీలు కనిపించాయి, 2024 సెప్టెంబర్‌లో హెలెన్ తుఫాను ఈ ఊరిని కూడా గట్టిగా దెబ్బతీసింది. హుద్‌హుద్, తిత్లీ చూసినవాళ్లం కదా, ఆ ఖాళీ ఏమిటో మాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

టీవీలో చూసినవాళ్లకి ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. టీవీలో ఆ నేలంతా చదునుగా కనిపిస్తుంది. అక్కడ నిలబడితే గానీ తెలియదు, అదంతా ఎత్తుపల్లాలు. పదో హోల్ మొదలయ్యే చోట నిలబడి కిందికి చూసి మా ఆయన "ఇదేటి, ఇంత వాలుందేటి!" అని ఆగిపోయారు. ఆయన గరివిడి వైపు మాంగనీస్ గనుల్లో సర్వేలో పనిచేసి రిటైర్ అయినవారు, ఎక్కడికెళ్లినా నేల వాటం చూస్తారు, పెళ్లిళ్లలో కూడా. క్లబ్‌హౌస్ నుంచి కింద వాగు దగ్గరున్న పన్నెండో హోల్ దాకా 150 అడుగులకి పైగా దిగుతాం. దిగింది మళ్లీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రెండుసార్లు కిందికీ పైకీ తిరిగే ప్లాన్ పెట్టుకోవద్దు. ఒకసారి దిగి, కింద నిదానంగా కూర్చుని, ఎక్కేటప్పుడు ఆగి ఆగి రండి. చెప్పులు కాదు, బూట్లు. చీర మీద బూట్లు బాగోవు అని నేను మొదట అన్నాను, అక్కడ ఎవరి కాళ్లూ ఎవరూ చూడరు.

ఇప్పుడు ఆట దగ్గరికొద్దాం. పోటీ రోజు ఆటగాడు ఒక్క బంతే కొడతాడు, కొట్టి వెళ్లిపోతాడు, మనం తెల్ల చుక్క ఎగిరిందా లేదా అని పక్కవాళ్లని అడుగుతాం. ప్రాక్టీస్ రోజు అలా కాదు. గ్రీన్ దగ్గరికొచ్చాక, అంటే కన్నం చుట్టూ గడ్డి నున్నగా కత్తిరించిన చోటికి వచ్చాక, ఒక్కొక్కళ్లు చాలాసేపు అక్కడే ఉంటారు. పద్నాలుగో హోల్ దగ్గర మేం కూర్చున్నది ఎవరో చెప్తే కాదు, వదినగారు ఇంక నడవలేనంది కాబట్టి. ఆ కోర్సు మొత్తంలో ఇసుక గుంట లేని హోల్ అదొక్కటే. గుంటలు లేవు కదా సులువేమో అనుకుంటాం. గ్రీన్ మీద నేల మెలికలు తిరిగి ఉంటుంది.

ఒక ఆటగాడు వచ్చాడు, ఎవరో మాకు తెలియదు. వెంట తెల్లటి డాంగ్రీ తొడుక్కున్న కేడీ, అంటే ఆటగాడి సంచి మోసే సహాయకుడు, వీపు మీద ఆటగాడి పేరు. ఆ కేడీ అప్పుడు జెండా ఉన్న కన్నం వైపు చూడనే లేదు. నడుచుకుంటూ వెళ్లి గ్రీన్ మీద వేరే వేరే చోట్ల చిన్న చిన్న బిళ్లలు పెట్టాడు. పోటీ రోజుల్లో కన్నాలు ఎక్కడ తవ్వే అవకాశం ఉందో ఏళ్ల అనుభవంతో వీళ్లకి తెలుసట, అందుకని ఆ చోట్లకి కొట్టి చూసుకుంటారు. ఆటగాడు ఒక బిళ్ల వైపు బంతి దొర్లించాడు. అంటే, మేం బిళ్ల వైపు అనుకున్నాం. అతను కొట్టింది బిళ్లకి బాగా ఎడమకి. బంతి పోయి పోయి, ఇంక ఆగిపోయింది అనుకున్నాక, ఎవరో చెప్పినట్టు మెల్లగా కుడికి తిరిగి, జారుకుంటూ వచ్చి బిళ్ల పక్కన ఆగింది. కేడీ జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో గీశాడు. మళ్లీ అదే చోట నుంచి ఇంకో బంతి, ఈసారి కొంచెం మెల్లగా. అది సగంలోనే తిరిగి కిందికి దొర్లిపోయి గ్రీన్ దాటి మా వైపు గడ్డిలోకి వచ్చేసింది. ఆటగాడు నవ్వుకున్నాడు, కేడీ మళ్లీ గీశాడు. మా ఆయన మాత్రం నవ్వలేదు, "లెవెల్ ఇన్‌స్ట్రుమెంట్ పెట్టాల్సిన పని కంటితో చేస్తున్నాడు" అని లేచి నిలబడి చూశారు. ప్రపంచంలో మేటి ఆటగాళ్లు కూడా తప్పు కొట్టి, ఎందుకు తప్పిందో చూసుకుని, మళ్లీ కొట్టడం అంత దగ్గర నుంచి చూడ్డం, దానికోసమే ఆ వంద డాలర్లూ ఇచ్చేయొచ్చు.

ముందు రోజు అంత వాన పడితే గ్రీన్ మీద చెమ్మ లేకుండా బంతి అలా ఎలా జారుతోంది అని నాకు అనుమానం వచ్చింది. దానికి జవాబు చెవికి వినిపించింది. గ్రీన్ పక్కన నిలబడితే కింద నుంచి సన్నగా హోరు. మా ఆయన వెంటనే "బ్లోయర్ తిరుగుతోంది" అన్నారు. అల్లుడు చెప్పాడు, గ్రీన్స్ అడుగున పైపులు పరిచి ఉంటాయట, మోటార్లు పెట్టి మట్టిలోని తడిని కిందికి లాగేస్తాయి, సబ్‌ఎయిర్ అంటారు దాన్ని. మన మునిసిపాలిటీ వాళ్లకి చూపించాలి అన్నారు మా ఆయన, నేను వినిపించుకోలేదు.

ఇసుక గురించి కూడా ఆయన పట్టు వదల్లేదు. గుంటల్లో ఇసుక ఉప్పులా తెల్లగా ఉంటుంది, ఎండలో కళ్లు చికిలించాల్సి వస్తుంది. "ఇది ఏటి ఇసకా కాదు, సముద్రం ఇసకా కాదు, గని నుంచి వచ్చింది" అని అక్కడే చెప్పేశారు. ఇంటికొచ్చాక అల్లుడు వెతికితే నిజమే, నార్త్ కరోలినాలో స్ప్రూస్ పైన్ అనే చిన్న ఊరి దగ్గర ఫెల్డ్‌స్పార్ తవ్వేటప్పుడు విడిగా మిగిలే క్వార్ట్జ్ అది. కంప్యూటర్ చిప్‌ల కోసం సిలికాన్ కరిగించే మూసలకి వాడే మేలురకం క్వార్ట్జ్ కూడా ఆ ఊరిదేనట. ఆ సాయంత్రమంతా మా ఆయన మొహంలో వెలుగు చూడాలి.

పదహారో హోల్ దగ్గర సందడి వేరు. చెరువు దాటించి కొట్టాల్సిన చిన్న హోల్. ప్రాక్టీస్ రోజుల్లో అక్కడ ఒక ఆనవాయితీ ఉంది, మామూలుగా ఒకటి కొట్టాక ఆటగాళ్లు నీటి అంచు దాకా నడిచొస్తారు, జనం అందరూ "స్కిప్! స్కిప్!" అని అరుస్తారు, వాళ్లు బంతిని నీళ్ల మీద తట్టి తట్టి ఎగిరేలా కొట్టి అవతలి గట్టు మీదున్న గ్రీన్ ఎక్కిస్తారు. మునిగితే జనం అయ్యో అంటారు, ఎక్కితే ఈలలు. విజయ్ సింగ్ 2009లో, మార్టిన్ కైమర్ 2012లో అలా నీళ్ల మీదుగా కొట్టిన బంతి ఏకంగా కన్నంలో పడిందట. మేం చూసినప్పుడు కన్నంలో పడలేదు గానీ ఒకతని బంతి మూడుసార్లు నీటిని తాకి గట్టెక్కింది, వదినగారు కూడా స్కిప్ అని అరిచింది, గొంతు పోయింది. పోటీ రోజుల్లో ఇది ఉండదు.

మన తెలుగబ్బాయి సంగతి చెప్పాలి కదా. సాహిత్ తీగల. హైదరాబాద్ నుంచి వెళ్లిన తల్లిదండ్రులకి కాలిఫోర్నియాలో పుట్టాడు. 2023లో మొదటిసారి మాస్టర్స్ ఆడి తొమ్మిదో స్థానం దగ్గర నిలిచాడు, చివరి రోజు ఇదే పదహారో హోల్‌లో గ్రీన్ బయట నుంచి కొట్టిన బంతి వాలు మీద తిరిగి తిరిగి వచ్చి కన్నంలో పడింది, ఆ వీడియో మా అల్లుడు మాకు కారులో రెండుసార్లు చూపించాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఫార్టినెట్ చాంపియన్‌షిప్ అనే గోల్ఫ్ పోటీ గెలిచాడు. సాహిత్ మా ముందు నుంచి నడిచెళ్తుంటే మా ఆయన ఫోటో తీయబోయి ఆయన అనుకున్న టైమ్‌కి కెమెరా క్లిక్ కాలేదు. వదినగారు ఆగలేక "బాబూ సాహిత్, బాగా ఆడాలి నాన్నా!" అని తెలుగులో గట్టిగా అంది. చుట్టూ ఉన్న తెల్లవాళ్లు మర్యాదగా మా వైపు తిరిగారు. సాహిత్ విన్నాడో లేదో మాత్రం తెలియదు. ఆటోగ్రాఫ్‌ల మీద ఆశ పెట్టుకోవద్దు, మెయిన్ కోర్సులో ఇవ్వరు, దానికి వేరే చోటుంది.

కుర్చీల పద్ధతి నాకు భలే నచ్చింది. మడత కుర్చీ తెచ్చుకుని, లేదా అక్కడే కొనుక్కుని, నచ్చినచోట వేసి, చీటీ మీద పేరు పెట్టి ఎటైనా తిరిగి రావచ్చు. ఎవరూ కదపరు. ఖాళీగా ఉంటే కాసేపు కూర్చుంటారు, మనం రాగానే థాంక్స్ చెప్పి లేస్తారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్టే, కాకపోతే ఇక్కడ తువ్వాలు తీసి కింద పారేసేవాడు లేడు. పరిగెత్తడం కూడా నిషేధం. పొద్దున గేటు తీయగానే అంతమంది పెద్దమనుషులు పరుగు కాని పరుగుతో గబగబా నడవడం చూస్తే నవ్వాగదు. బాత్‌రూమ్ లైన్లు పొడుగ్గా కనిపిస్తాయి, భయపడకండి, లోపలికి పంపించేవాళ్లుంటారు, కదులుతూనే ఉంటాయి, శుభ్రంగా ఉంటాయి.

తిండి. ఇక్కడ రేట్లు చూసి మొదట అచ్చుతప్పు అనుకున్నాం. పిమెంటో చీజ్ శాండ్‌విచ్ డాలరున్నర, ఎగ్ సలాడ్ శాండ్‌విచ్ కూడా అంతే, కూల్‌డ్రింక్ రెండు డాలర్లు, పీచ్ ఐస్‌క్రీమ్ శాండ్‌విచ్ మూడు. అమెరికాలో ఇంకే స్టేడియంలో అయినా మంచినీళ్ల సీసాకి ఇంతకంటే ఎక్కువ అడుగుతారని అల్లుడన్నాడు. ప్లాస్టిక్ గ్లాసులు పారేయకండి, అందరూ దొంతర పెట్టి ఇంటికి పట్టుకెళ్తారు, మేమూ పట్టుకొచ్చాం, ఇప్పుడు విజయనగరంలో మజ్జిగ వాటిలోనే. పిమెంటో చీజ్ అంటే తురిమిన చీజ్‌లో మయోనైజ్, ఎర్ర మిరప ముక్కలు కలిపి మెత్తటి బ్రెడ్‌లో పెడతారు. చప్పగా ఉంటుంది, నాకు మాత్రం నచ్చింది, ఊరమిరపకాయ ఒకటుంటే ఇంకా బాగుండేది. గుడ్డు కూడా తిననివాళ్లకి మాత్రం ఇబ్బంది, మయోనైజ్‌లో గుడ్డు ఉంటుంది. వదినగారికి చిప్స్, ఐస్‌క్రీమే గతి అయింది. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి మా పులిహోర డబ్బా కారులోనే ఉండిపోయింది, సాయంత్రం పార్కింగులో డోర్లు తీసుకుని నలుగురం దాని మీద పడ్డాం.

షాపు గురించి ఒక్క మాట. ఆ వస్తువులు అక్కడ తప్ప ఇంకెక్కడా అమ్మరు కాబట్టి జనం ఎగబడతారు. తోటలో పెట్టుకునే గడ్డం తాత బొమ్మ ఒకటి ఏటా కొత్తది చేస్తారు, అది పొద్దున్నే అయిపోతుంది. టోపీ ఒకటి కొని బయటపడండి.

ఎవరికి వద్దు అంటే, అరగంట నడవలేనివాళ్లకి, ఎండ పడనివాళ్లకి, స్కోరు ఎంత, ఎవడు గెలిచాడు అని తెలియకపోతే ఊరుకోలేనివాళ్లకి. ప్రాక్టీస్‌కి స్కోరుండదు. మా ఆయన అప్పటికీ ఎవరో ఒకరి లెక్క రాసుకోవడం మొదలుపెట్టి, అతను ఒక్కో చోట నాలుగేసి బంతులు కొడుతుంటే విసుగొచ్చి మానేశారు. అయిదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర తగ్గించింది వదినగారి ఆకలి లెక్కలోకి.

అంత దూరం ఎందుకు, ఇక్కడ లేదా అని అడుగుతారేమో, ఉంది. వైజాగ్‌లో ముడసర్లోవ పక్కన ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉంది, క్లబ్ పుట్టింది 1884లో, అగస్టాలో మొదటి పోటీ జరగడానికి యాభై ఏళ్ల ముందు. ఆ రోడ్డున ఎన్నిసార్లు వెళ్లినా లోపల ఏం జరుగుతుందో మేం ఎప్పుడూ ఆలోచించలేదు.

రోజు ఎంచుకునే అవకాశం ఉంటే ఆట చూడాలనుకునేవాళ్లు మంగళవారం అడగండి. బుధవారం మధ్యాహ్నం చిన్న కోర్సులో పార్ త్రీ పోటీ (మూడు దెబ్బల్లో ముగించాల్సిన చిన్న హోల్స్‌తో సరదా పోటీ) పెడతారు, 1960 నుంచి ఉంది, ఆటగాళ్ల పిల్లలు, భార్యలు తెల్ల డాంగ్రీలు తొడుక్కుని కేడీలుగా వస్తారు, బుడ్డ పిల్లలు బంతి కొట్టబోయి పడిపోతుంటారు. అది గెలిచినవాడు ఆ ఏడాది మాస్టర్స్ గెలిచింది 2025 దాకా ఒక్కసారి కూడా లేదట. అల్లుడు మళ్లీ అప్లికేషన్ వేశాడు, ఈసారి వదినగారి కోరిక మీద బుధవారానికి.